ఇంగ్లండ్ పల్లెల్లో వారం రోజులకు కాటేజీ: అడ్వాన్సు కట్టే ముందు చూసుకోవలసినవి

ప్రొద్దుటూరు నుండి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ అబ్బాయి, కోడలు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నారు. మీ దంపతులు, 74 ఏళ్ళ మీ అమ్మగారు, మీ అమ్మాయి, ఎనిమిదేళ్ళ మనవరాలు వచ్చే వేసవిలో అక్కడికి వెళుతున్నారు. ఏడుగురూ కలిసి, ఇంగ్లండ్ వాయవ్య మూల కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో ఒక వారం పాటు, హోటల్ గదుల్లో కాకుండా, మీరే వండుకుని తినే కాటేజీ ఒకటి అద్దెకు తీసుకుని ఉండాలనుకుంటున్నారు. అందరూ శాకాహారులు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. జూలై ఆఖరి వారానికి, కొండ వాలున ఒంటరిగా ఉన్న ఒక పాత రాతి ఇల్లు ఫొటోల్లో బాగా నచ్చింది. అడ్వాన్సు కట్టేయవచ్చా అని అడిగారు.

ఇప్పుడే కట్టవద్దు. మీ ఆలోచన మంచిదే గానీ ఆ ఇల్లు మీ కుటుంబానికి తగినది కాదు, నెల కూడా మార్చుకోగలిగితే మేలు. నేను అనంతపురం వాడిని. మా అమ్మాయి కుటుంబం మాంచెస్టర్ పక్కన స్థిరపడినందువల్ల చాలా ఏళ్ళుగా వేసవిలో అక్కడికి వెళ్ళడం, వారితో కలిసి చుట్టుపక్కల పల్లెల్లో ఇటువంటి ఇళ్ళు తీసుకుని ఉండటం మాకు అలవాటయింది. మనవాళ్ళలో ఎక్కువమంది కిటికీలోంచి కనబడే చెరువును చూసి ఇల్లు ఎంచుకుంటారు. ఆ వారం సుఖంగా గడిచేదీ గడవనిదీ మాత్రం వంటగది, స్నానాల గది, మెట్లు, అంగడికి పోయే దారి, ఈ నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి నా సమాధానంలో ఎక్కువ భాగం వాటి గురించే.

ఏడుగురికి హోటల్ అంటే కనీసం మూడు గదులు కావాలి, పొద్దున్నే కాఫీకి కూడా కిందికి దిగిరావాలి, రాత్రి ఎనిమిదిన్నర దాటితే పల్లెల్లో చాలా చోట్ల వంట ఆపేస్తారు. శాకాహారం దొరకదని కాదు, దొరుకుతుంది. అయితే మూడో రోజుకల్లా పెద్దవాళ్ళకు నోరు చచ్చిపోతుంది. ఆ లెక్కన కాటేజీయే సరైన మార్గం. కానీ హార్స్‌లీ హిల్స్‌లో గది తీసుకుంటే వాచ్‌మన్ వేడినీళ్ళు తెచ్చిపెట్టి, భోజనం ఎక్కడని అడగకముందే చెప్పినట్టు అక్కడ జరగదు. యజమాని ఎదురుపడకపోవచ్చు కూడా. తలుపు పక్కన గోడకు బిగించిన చిన్న పెట్టెలో తాళం చెవి ఉంటుంది, దాన్ని తెరిచే అంకెలు ముందురోజు ఈమెయిల్‌లో వస్తాయి. ఆ వారమంతా వంట, అంట్లు, చెత్త, పక్కబట్టలు అన్నీ మీవే. ఇంట్లోని ఆడవాళ్ళు ఊరు మారినా పొయ్యి దగ్గరే నిలబడి సెలవు ముగించే ప్రమాదం ఉంది గనుక, ఎవరు ఏ పూట వండుతారో, ఎవరు అంట్లు చూస్తారో రీడింగ్‌లోనే మాట్లాడుకుని బయలుదేరడం న్యాయం.

ఇక నెల సంగతి. ఇంగ్లండ్‌లో బడులకు వేసవి సెలవులు జూలై మూడో నాలుగో వారంలో మొదలై సెప్టెంబరు మొదటి రోజుల వరకు ఉంటాయి. ఏడాది మొత్తంలో కాటేజీల అద్దె అత్యధికంగా ఉండేది అప్పుడే. ఏడుగురు పట్టే ఇల్లు లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆ వారాల్లో వెయ్యి పౌండ్లు సులభంగా దాటుతుంది, రోడ్లూ కిక్కిరిసి ఉంటాయి. మన బడులకు సెలవులు ఏప్రిల్ చివరి నుండి జూన్ రెండో వారం దాకా కదా. మీ మనవరాలు కడప జిల్లాలోనే చదువుతున్నట్లయితే మే నెలలో గానీ జూన్ మొదటి వారంలో గానీ వెళ్ళడానికి మీకు ఉన్న వీలు అక్కడివారికి లేదు, దాన్ని వదులుకోవద్దు. ఒక్క మే ఆఖరి వారాన్ని మాత్రం తప్పించండి. అప్పుడు అక్కడి బడులకు టర్ము నడుమ ఇచ్చే వారం సెలవు ఉండి ధరలు మళ్ళీ పైకి పోతాయి. ఇంకో లాభం వాన. ఆ ప్రాంతంలో ఏప్రిల్ నుండి జూన్ వరకు ఉండే నెలలే కొంత పొడిగా ఉంటాయి. పొడి అంటే మన పొడి అనుకోకండి. బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మా అనంతపురానికి దక్కేది సుమారు 550. జూన్‌లో ఎండ కాసినా సంచిలో వానకోటు ఉండవలసిందే. వెలుతురు మాత్రం దండిగా ఉంటుంది: జూన్ నడుమ అక్కడ రాత్రి తొమ్మిదీ ముప్పావు ప్రాంతంలో సూర్యాస్తమయం, తెల్లవారుజామున ఐదు కాకముందే పొద్దుపొడుపు. పెద్దవాళ్ళకు నిద్ర పట్టాలంటే పడకగదికి మందపాటి తెరలు ఉన్నాయో లేదో అడగడం చిన్న విషయమేమీ కాదు.

కాటేజీలను అక్కడ సాధారణంగా శుక్రవారం నుండి శుక్రవారానికి, లేదా శనివారం నుండి శనివారానికి ఇస్తారు. మధ్యాహ్నం నాలుగు గంటల తరువాత లోపలికి, చివరి రోజు ఉదయం పదికల్లా బయటికి. రీడింగ్ నుండి విండర్‌మియర్ సుమారు 430 కిలోమీటర్లు. ఆగకుండా పోతే ఐదు గంటలు, పిల్లతో, పెద్దావిడతో, శనివారపు రద్దీలో ఏడు గంటలు వేసుకోండి. అంత దూరం వద్దనుకుంటే రీడింగ్‌కు గంటన్నర దూరంలోనే కాట్స్‌వోల్డ్స్ ఉన్నాయి, తేనె రంగు రాతి ఇళ్ళు, మెత్తని గుట్టలు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ నేల కాస్త అనువైనది. అయినా మీ అబ్బాయి మనసు కొండల మీదా సరస్సుల మీదా ఉంటే లేక్ డిస్ట్రిక్ట్‌కు సాటి వచ్చేది ఇంగ్లండ్‌లో మరొకటి లేదనే నేనూ అంటాను. 1951లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కానీ ఏ మూల ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

మీరు చూసిన ఇల్లు ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో, ఒక సన్నని దారి చివర ఉందని రాశారు. ఫొటోలో అది స్వర్గంలాగే కనిపిస్తుంది. కానీ పాల సీసా అయిపోతే కారు తీయాలి. కారు నడిపేవారు ఇద్దరే అయితే మిగిలిన ఐదుగురూ వారి చేతిలో బందీలు. నా సలహా ఏమిటంటే, అంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్, కెజ్విక్, విండర్‌మియర్, స్టేవ్లీ వంటి ఊళ్ళలో గానీ వాటి అంచున గానీ, అంగడికి నడిచిపోగల దూరంలో ఇల్లు చూడండి. 555 నంబరు బస్సు లాంకాస్టర్ నుండి కెండల్, విండర్‌మియర్, అంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా కెజ్విక్ దాకా పోతుంది. ఆ దారిలో ఇల్లు ఉంటే మీ అమ్మగారు కూడా కారు కోసం ఎదురుచూడకుండా సరస్సు ఒడ్డుకు పోయిరాగలరు, కవి వర్డ్స్‌వర్త్ కాపురమున్న గ్రాస్‌మియర్ ఇల్లు చూసి రాగలరు. ఊరి అంచున ఉన్న ఇంటికి కిటికీలోంచి సరస్సు కనబడకపోవచ్చు. కనబడకపోతే ఏమి? నడిచిపోయి చూస్తారు.

ఇంటి లోపలి సంగతులకు వస్తే, మొదట మెట్లు. ఆ ప్రాంతపు పాత రైతుల ఇళ్ళు కొన్ని పదిహేడో శతాబ్దం నాటివి. గోడలు రెండడుగుల మందం, తలుపులు పొట్టివి, దూలాలు తల తగిలేంత కిందికి ఉంటాయి. కొన్ని ఇళ్ళలో దూలానికి తోలు దిండు కొట్టి, తల జాగ్రత్త అని రాసి పెడతారు కూడా. మెట్లు నిచ్చెనలాగా నిటారుగా ఉండి, మలుపు దగ్గర ఒక వైపు అరపాదం కూడా ఆననంత సన్నగా ఉంటాయి. పడకగదులన్నీ పైన, స్నానాల గది ఒక్కటే కింద, వంటగదికి అవతల, ఇటువంటి అమరిక చాలా సామాన్యం. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి అది శిక్ష. మీకు కింది అంతస్తులోనే ఒక పడకగది, దాని పక్కనే మరుగుదొడ్డి ఉన్న ఇల్లు కావాలి. ప్రకటనలో అది స్పష్టంగా లేకపోతే ఇంటి నమూనా పటం పంపమని యజమానిని అడగండి. ఎనిమిది మంది పడతారని రాసిన ఇంట్లో ఆ లెక్కలో ఇద్దరు హాలులోని సోఫా మంచం మీద పడుకునేవారే కావచ్చు. ఏడుగురికి రెండు స్నానాల గదులు లేని ఇల్లు తీసుకోవద్దు. వేడినీళ్ళు ట్యాంకు నుండి వచ్చేదయితే ముగ్గురు స్నానం చేసేసరికి చల్లబడతాయి, తిరిగి వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. కాబట్టి బాయిలర్ ఏ రకమో కూడా తెలుసుకోండి.

స్నానాల గది గురించి మనవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పడానికి మొహమాటపడతారు, కాబట్టి నేను చెబుతాను. అక్కడి స్నానాల గదిలో నేలకు నీళ్ళు పోయే తూము ఉండదు. నేల చెక్కది, కొన్ని పాత ఇళ్ళలో తివాచీ కూడా పరిచి ఉంటుంది. నేల మీద పోసిన చెంబెడు నీళ్ళు చెక్కల సందుల్లోంచి కింది గది పైకప్పుకు దిగుతాయి, ఆ మరమ్మతు ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది. స్నానం తొట్టిలోనే నిలబడి చేయాలి, తెర తొట్టి లోపలి వైపుకు వేసుకోవాలి. తొట్టి అంచు రెండడుగుల ఎత్తు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు దాన్ని దాటలేరు, అందువల్ల నేలకు సమంగా విడిగా ఉన్న షవరు గది ఉందా అని అడగండి. మరుగుదొడ్డిలో కాగితమే, నీళ్ళు ఉండవు. రీడింగ్ నుండి ఒక ప్లాస్టిక్ చెంబు తీసుకుపోవడం సిగ్గుపడవలసిన పని కాదు. దీపం మీట గోడకు కనబడకపోతే కంగారు పడకండి, పైకప్పు నుండి వేలాడే తాడును లాగాలి. ఊరి మురుగు కాలువకు దూరంగా ఉన్న ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. అందులో తడి తుడుపు కాగితాలు, నూనె, మిగిలిన అన్నం ఏదీ పోయకూడదు.

ఇక వంటగది. దీని మీద కొంచెం విస్తరంగా రాయక తప్పదు.

మొదట పొయ్యి ఏ రకమో అడగండి. గ్యాసు ఉంటే చింత లేదు. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, రాగి చెంబు ఏవీ పనిచేయవు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు పాత్రలే కావాలి. నున్నటి గాజు పలక మీద ఎర్రగా వెలిగే విద్యుత్ పొయ్యి అయితే ఏ పాత్రయినా వేడెక్కుతుంది గానీ మంట తగ్గించగానే వేడి తగ్గదు, తిరగవాత మాడిపోతుంది. మన ఇళ్ళలో రాగి సంగటి లేకుండా వారం గడవదు కదా. ఆ గాజు పలక మీద గిన్నె పెట్టి తెడ్డుతో బలంగా గెలికితే పలక పగిలే అవకాశం ఉంది. నీళ్ళలో నూక ఉడికిన తరువాత గిన్నెను దించి, వంటగది రాతి నేల మీద మందపాటి తువ్వాలు మడిచి పెట్టి, దాని మీద పెట్టి గెలకండి. మా ఇంటావిడ ఎప్పుడూ అలాగే చేస్తుంది. కొన్ని పాత రైతుల ఇళ్ళలో ఆగా అని పోత ఇనుప పొయ్యి ఉంటుంది, రోజంతా వేడిగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని మీద పూరీలు వేయించడం అలవాటు లేనివారికి సాధ్యం కాదు, పక్కన మామూలు పొయ్యి కూడా ఉంటేనే ఒప్పుకోండి.

రెండోది పొగ. ఎండుమిరపకాయలు, ఆవాలు, ఇంగువ వేడి నూనెలో పడిన క్షణంలో, పొగ తగిలితే హెచ్చరించడానికి ఇంట్లో బిగించిన పొగ గంట మోగడం అక్కడ మనవాళ్ళందరికీ తెలిసిన సన్నివేశమే: ఒకరు కిటికీ తెరవడం, ఒకరు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరడం, పిల్లలు చెవులు మూసుకోవడం. గంటకు గుడ్డ కట్టడం, బ్యాటరీ తీయడం మాత్రం ఎన్నడూ చేయకండి; అది ప్రాణానికి ప్రమాదం, అద్దె షరతులకూ విరుద్ధం. తిరగవాతకు ముందే వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి, పొగను బయటికి లాగే ఫ్యాను వేసి, మంట నడిమికి తగ్గించి పెడితే సమస్య రాదు. ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఈ మధ్య ఇళ్ళలో వంటగదీ హాలూ కలిపి ఒకే పెద్ద గదిగా చేస్తున్నారు, ఫొటోకు అది బాగుంటుంది. మన వంటకు మాత్రం తలుపు ఉన్న విడి వంటగదే మేలు. లేకపోతే ఇంగువ వాసన సోఫాలకూ తెరలకూ పట్టి, తరువాత దిగినవారు ఫిర్యాదు చేస్తారు, యజమాని శుభ్రం చేయించిన ఖర్చు మీకు పంపుతాడు.

పసుపు కూడా అంతే. తెల్లటి రాతి పలక మీద పసుపు చెంచా ఒక్క రాత్రి మరిచిపోతే పొద్దునకు వదలని మరక మిగులుతుంది. పోపుల పెట్టె కింద ఎప్పుడూ ఒక పళ్ళెం ఉంచండి. పూత పెనాల మీద స్టీలు గరిటె వాడకండి. శాకాహారం విషయంలో మీ అమ్మగారికి పట్టింపు ఎక్కువ అని రాశారు. ఆ ఇంటి పాత్రల్లో అంతకుముందు మాంసం వండి ఉంటారన్నది తప్పని నిజం. అందుకని స్టీలు కుక్కరు ఒకటి, రెండు గిన్నెలు, ఒక పెనం, గరిటెలు మీవే ఉండాలి. వీటిని ప్రొద్దుటూరు నుండి మోయనక్కరలేదు. మీ అబ్బాయి ఇంట్లో అవన్నీ ఉంటాయి, కారులోనే పోతారు గనుక ఒక అట్టపెట్టెలో సర్దుకుంటే చాలు. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, రాగి పిండి, నెయ్యి రీడింగ్‌లోనే కొనుక్కోండి. లేక్ డిస్ట్రిక్ట్‌లోని చిన్న అంగళ్ళలో బాస్మతి, ఎర్రగడ్డలు, టమాటాలు, పెరుగు దొరుకుతాయి, కందిపప్పు దొరకదనే అనుకుని బయలుదేరండి. ఇడ్లీ పిండి ఆ చలికి పులవదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి గిన్నె అందులో పెడితే రాత్రికి రాత్రే పొంగుతుంది.

మన దేశం నుండి మాంసం గానీ పాల పదార్థాలు గానీ బ్రిటన్‌కు తీసుకుపోవడం నిషేధం. నెయ్యి, పాలకోవా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చెనిక్కాయల పొడి, కారం, మాంసం కలవని ఊరగాయలు తీసుకుపోవచ్చు. మిక్సీ పట్టుకుపోవాలనుకుంటే అక్కడి కరెంటు కూడా 230 వోల్టులే, ప్లగ్గు ఆకారం వేరు గనుక మార్చే అడాప్టరు ఒకటి చాలు. అయినా పొడులు ముందే కొట్టుకుపోతే ఆ బరువు తప్పుతుంది. దేవుడి దగ్గర దీపం సంగతి కూడా చెప్పాలి: చాలా ఇళ్ళ షరతుల్లో కొవ్వొత్తులు వెలిగించరాదని ఉంటుంది, అది దీపానికీ అగరుబత్తికీ కర్పూరానికీ వర్తిస్తుంది. అమ్మగారికి తప్పనిసరి అయితే ముందే యజమానికి రాసి, రాతి పొయ్యి గట్టు మీద పళ్ళెంలో పెట్టుకుంటామని అడగండి. వివరించి అడిగితే ఒప్పుకున్నవారే ఎక్కువ.

కారు విషయం. అక్కడా ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకు సగం కష్టం తగ్గుతుంది. సందర్శకులుగా వెళ్ళినవారు మన దేశపు లైసెన్సుతో పన్నెండు నెలల దాకా నడపవచ్చు. మీ అబ్బాయి కారును మీరు కూడా నడపాలంటే దాని ఇన్సూరెన్సులో మీ పేరు చేర్చాలి. ఏడుగురు, ఏడుగురి పెట్టెలు, వంట సామాను అంటే ఏడు సీట్ల బండిలో కూడా చోటు చాలదు. రెండు కార్లు పెట్టుకునే ఇంటి జాగా ఉందో లేదో అడగాలి. పల్లె దారులు ఒక కారు వెడల్పే ఉండి రెండు వైపులా రాతి గోడలు ఉంటాయి. గంటకు 60 మైళ్ళు అనుమతి ఉన్నంత మాత్రాన అంత వేగంతో పోగలరని అర్థం కాదు. ఎదురుగా బండి వస్తే, దారి వెడల్పుగా ఉన్న చోటు ఎవరికి దగ్గరో వారే వెనక్కి పోవాలి. వెనక్కి నడపడం బాగా వచ్చినవారే స్టీరింగ్ పట్టుకోవడం మంచిది. ఫోన్‌లోని దారి చూపే యాప్ దగ్గర దారి అని హార్డ్‌నాట్ కనుమ మీదికి పంపుతుంది. అక్కడ మూడడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే ఏటవాలు ఉంది; నిండుగా ఉన్న బండితో ఆ దారి పట్టవద్దు. పల్లెల్లో ఒకే పోస్టుకోడు మైళ్ళ దూరం వరకు వర్తించవచ్చు, ఇళ్ళకు నంబర్లు ఉండక పేర్లే ఉండవచ్చు, పైగా లోయల్లో సిగ్నల్ పోతుంది. యజమాని పంపిన దారి గుర్తులను కాగితం మీద ముద్రించుకుని పోండి.

డబ్బు, వీసా ఈ రెంటినీ కలిపే చూడాలి. బ్రిటన్ సందర్శక వీసాకు హైదరాబాదులోనో బెంగళూరులోనో వేలిముద్రలు ఇస్తే సాధారణంగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. వీసా చేతికి రాకముందు తిరిగిరాని అడ్వాన్సు కట్టవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే: కాటేజీ ఏజెన్సీలు మొదట కొంత భాగం తీసుకుంటాయి, మిగతాది బయలుదేరడానికి ఆరు నుండి ఎనిమిది వారాల ముందు కట్టమంటాయి, మీరు వెళ్ళలేకపోతే మొదటిది సాధారణంగా పోయినట్టే. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు అక్కడి చట్టంలో ఉంది గానీ తేదీలు నిర్ణయించుకున్న వసతికి అది వర్తించదు. ఫలానా తేదీ దాకా ఉచితంగా రద్దు చేసుకోవచ్చని రాసిపెట్టిన ఇంటినే ఎంచుకోండి, ధర పది శాతం ఎక్కువైనా సరే.

చెల్లింపు మీ అబ్బాయి బ్రిటన్ క్రెడిట్ కార్డుతో జరగడం మంచిది. 100 పౌండ్లకు మించి 30,000 వరకు ఉన్న కొనుగోలులో, ఇల్లు ఇచ్చేవారికే నేరుగా కార్డుతో కట్టినపుడు, అవతలివారు మాట తప్పితే కార్డు బ్యాంకు కూడా బాధ్యత వహించాలని 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం చెబుతుంది. బ్యాంకు ఖాతాకు నేరుగా పంపితే తగ్గింపు ఇస్తాననే మనిషి దగ్గర ఆగిపోండి. ఇతరుల ఇంటి ఫొటోలు పెట్టి డబ్బు కాజేసే మోసాలు చాలా మటుకు ఈ మాటతోనే మొదలవుతాయి. ఫొటోను ఇంటర్నెట్‌లో వెనక్కి వెతికి, అదే ఇల్లు ఇంకో ఊరి పేరుతో కనబడుతోందా చూడండి. స్కాట్లండ్‌లో ఇల్లు చూస్తే పని ఇంకా సులభం: అక్కడ ఇటువంటి ఇళ్ళకు లైసెన్సు తప్పనిసరి, దాని సంఖ్య ప్రకటనలోనే ఉండాలి. స్కాట్లండ్ అన్నాను కాబట్టి ఒక్క మాట, వేసవిలో అక్కడి పడమటి కొండల్లో కంటికి సరిగా కనబడని, దోమల్లా కుట్టే చిన్న పురుగుల గుంపులు మనిషిని నిలబడనివ్వవు.

అద్దెలో పక్కబట్టలు, తువ్వాళ్ళు, కరెంటు, వేడి ఖర్చు కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. పాత కట్టడాలనూ ప్రకృతినీ కాపాడటానికి 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కూడా తన ఆస్తుల్లో కొన్ని ఇళ్ళు అద్దెకు ఇస్తుంది, నమ్మకమైనది. పాత కట్టడాలను బాగుచేసి అద్దెకిచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ ఇళ్ళు చాలా అందంగా ఉంటాయి గానీ వాటిలో టీవీ, వైఫై ఉండవు. సాయంత్రం తెలుగు సీరియల్ చూడకుండా అమ్మగారు ఉండగలరా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇంట్లో అడుగుపెట్టిన వెంటనే గదులన్నిటినీ ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి, వెళ్ళేటప్పుడు మరోసారి తీయండి. ఏదయినా పగిలితే అదే రోజు యజమానికి చెప్పండి. చెప్పినవారిని సాధారణంగా మన్నిస్తారు, దాచినది తరువాత బయటపడితే ధర రెట్టింపు వేస్తారు. పొలాల మధ్య నుండి పోయే నడకదారుల్లో ఎవరైనా నడవవచ్చు, అది అక్కడి చట్టబద్ధమైన హక్కు. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే దాటాక మూయాలి. దూడలున్న ఆవుల మందకు దూరంగా తిరిగి పోండి. మన ఊరి ఆవుల్లాగా మచ్చికగా ఉంటాయనుకుని మనవరాలిని దగ్గరికి పోనివ్వవద్దు.

ఫ్రాన్సులోనో ఇటలీలోనో ఇటువంటి ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుందని మీ చివరి ప్రశ్న. బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు, ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి, దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. కుడి వైపు నడపాలి, ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కావాలి. ఫ్రాన్సులో పక్కబట్టలకు విడిగా కట్టడం మామూలే. మొదటిసారి ఇంత పెద్ద కుటుంబంతో ఆ రెండో వీసా తలనొప్పి పెట్టుకోవద్దనే నా అభిప్రాయం.

మిగిలింది అమ్మగారి ఆరోగ్యం. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో చూపించుకున్నంత వరకు ఇంగ్లండ్‌లో సందర్శకుల దగ్గర డబ్బు తీసుకోరు. లోపల చేర్చుకున్నారంటే మాత్రం మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. కాబట్టి ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆవిడకు బీపీ, షుగరు, మోకాళ్ళు ఏవి ఉంటే అవన్నీ ఫారంలో రాయించండి, ప్రీమియం పెరుగుతుందని దాచవద్దు. వాడే మందులు వారం ఎక్కువకే సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. ఇల్లు ఖాయం చేసే ముందు యజమానికి ఒక ఉత్తరం పంపండి: కింద పడకగది ఉందా, దాని పక్కనే మరుగుదొడ్డి ఉందా, విడి షవరు ఉందా, పొయ్యి ఏ రకం, వంటగదికి తలుపు ఉందా, రెండు కార్లకు చోటు ఉందా, అంగడి నడిచిపోయే దూరమా. ఈ ఏడింటికీ రెండు మూడు రోజుల్లో సూటిగా జవాబు రాసిన ఇంటికే అడ్వాన్సు కట్టండి. ఫొటోలు మరిన్ని పంపి మాట దాటవేసిన ఇంటిని వదిలేసి ఇంకొకటి చూడండి. మే నెలకు జనవరిలో వెతికినా ఇళ్ళు మిగిలే ఉంటాయి.